పురుగు చెప్పిన వరస

జిగురత్త మొహంలో కోపం లేని రోజు నేను చూడలేదు. ఆమె దుకాణం మెట్లు మొదటిసారి ఎక్కినప్పుడు నా చంకలో అట్ట ఊడిపోయిన నిఘంటువు ఉంది. బడి చదువు సగంలో ఆగిపోయిన నాకు ఆ నిఘంటువే మాస్టారు. ఆమె దాన్ని అందుకుని, వెన్ను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

“దీన్ని చదివావా, దీంతో మేకులు కొట్టావా?”

“చదివానండీ.”

“చదివి బోర్లా పడేసి నిద్రపోయావు. పుస్తకాన్ని బోర్లా పడేసేవాడికి చదువు ఎక్కదు.”

అట్ట మాత్రం ఎంత గట్టిగా వేసిచ్చిందంటే, ఈనాటికీ అక్షరాలు అరిగిపోతున్నాయి కానీ అట్ట కదల్లేదు. ఆ తర్వాత పని ఉన్నా లేకపోయినా ఆ దుకాణంలో ముక్కాలి పీట మీద కూర్చోవడం నాకు అలవాటైంది. ఆమె తిట్టేది, నేను వినేవాణ్ణి. ఇదంతా అలా విన్నదే. చివర్లో కొంత కళ్ళారా చూసింది కూడా ఉంది.

వీధిలో అందరూ ఆమెను జిగురత్త అనేవారు. వేళ్ళు ఎప్పుడూ ఎండిన జిగురుతో బిరుసుగా ఉండేవి కాబట్టి కొందరు, ఎవరినైనా పట్టుకుంటే వదలదు కాబట్టి ఇంకొందరు. తండ్రి పెట్టిన బైండింగ్ దుకాణం అది. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, దాని మీద కుట్టు చట్రం, మూలన ఇనప బిగింపు మర, పొయ్యి మీద జిగురు గిన్నె. బల్లకి ఇవతల ఆమె, అవతల చనిపోయిన తమ్ముడి భార్య. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని కుట్టేవారు, ఇరవై ఏళ్ళుగా పోట్లాడుకునేవారు.

“వదినా, జిగురు మాడుతోంది.”

“నీ నోటి వేడికే.”

“నా నోరు మూసుకుంటే నీకు చెవులెందుకని ఊడి పడతాయి.”

తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. కొలతలు కలవని కాగితాల్ని పుస్తకంగా కుట్టాల్సి వస్తే, వాటిలో ఏముందో చూడకూడదు. పెద్దవి ముందు, చిన్నవి వెనక. అంచుకి అంచు కలవాలి. ‘చదవడం కొన్నవాడి పని, కలపడం మన పని’ అనేవాడట. జిగురత్త దాన్ని వేదంలా పట్టుకుంది. ‘నా చేతి మీదుగా వెళ్ళిన పుస్తకంలో తప్పు వెతకండి చూద్దాం’ అని అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ సవాలు విసిరేది.

ఆ బల్ల దగ్గరే ఒకప్పుడు మూడో మనిషి కూర్చునేది. జిగురత్త అక్క. ఇద్దరికీ పదకొండేళ్ళ తేడా. ఒకరోజు బక్కపలచటి యువకుడు తన పరిశోధన గ్రంథానికి అట్ట వేయించుకోవడానికి వచ్చాడు. అట్ట పని రెండు రోజులది, ఆయన మాత్రం పదిరోజులు తిరిగాడు. తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. నాలుగేళ్ళలో ముప్ఫై ఒకటి. ఆయన తేదీ వేయడు, వారం పేరు మాత్రం రాస్తాడు. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఆయన పెద్ద తత్వవేత్త అయ్యాడు. పత్రికల్లో బొమ్మలు, ఒక వీధికి ఆయన పేరు. అక్క మాత్రం అదే కిటికీ పక్కన కుట్టుకుంటూ ఉండిపోయింది. వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపింది. ఎవరైనా ఆయన మాట ఎత్తితే, “ఆ దారం ఇలా అందుకో” అనేది. అంతే, ఇంకో మాట లేదు.

అందుకే జిగురత్తకి ఆ ఉత్తరాలంటే ఒళ్ళు మంట. అక్క పోయిన నెలకి సొరుగులోంచి వాటిని తీసింది. ఇంట్లో ఉంచడానికి మనసొప్పలేదు, పొయ్యిలో వేయడానికి చెయ్యి రాలేదు. కాగితాల్లో పురుగు పడి ప్రతిదానికీ కన్నం పెట్టి ఉంది. “మనిషే తినేశాడు, పురుగుకేం రోగం” అని తిట్టుకుంటూ ప్రతి కన్నం మీదా ఉల్లిపొరలాంటి సన్న కాగితం అంటించి మూసేసింది. ఒక్క అక్షరం చదవకుండా, కొలతలు చూసి పేర్చి, కుట్టి, నల్ల అట్ట వేసి, గ్రంథాలయానికి ఇచ్చేసింది. పీడా పోయిందనుకుంది.

పోలేదు. మూడేళ్ళ తర్వాత ఒక ప్రొఫెసరుగారు ఆ సంపుటాన్ని అచ్చు వేయించారు. కుట్టిన వరసే రాసిన వరస అనుకున్నారు. అనుకోరా మరి, అంత చక్కగా కుదిరింది! మొదటి ఉత్తరాలు పొడిపొడిగా, మర్యాదగా, ‘మీరు’ అంటూ ఉన్నాయి. పోనుపోను వేడెక్కి, ‘నువ్వు’ అయ్యాయి. చివరిది మరీ చిన్న చీటీ:

‘గురువారం మూడింటికి రాతి మందిరం గుమ్మం దగ్గర ఉంటాను. వాన వచ్చినా సరే, నువ్వు వచ్చేదాకా కదలను.’

ఆ తర్వాత ఉత్తరం లేదు. కనక ఆమె రాలేదు. కనక ఆయన పెళ్ళి లేకుండా ఉండిపోయాడు. ఆలోచనలతో మొదలై ప్రేమ నేర్చుకున్న మనిషినీ, ధైర్యం చాలక రాని ఆడదాన్నీ ప్రొఫెసరుగారు మూడువందల పేజీల ముందుమాటలో తయారుచేశారు. నాలుగువందల ఏళ్ళ నాటి ఆ ప్రార్థన మందిరం గుమ్మం పక్కన రాగి పలక కూడా వేయించారు: ‘ఇక్కడ ఆయన ఎదురుచూశాడు. ఆమె రాలేదు.’ జంటలు వచ్చి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు. మందిరం కాపలాదారు రోజుకి పదిసార్లు అదే కథ, అదే నిట్టూర్పుతో అప్పజెప్పేవాడు.

మొదట్లోనే జిగురత్త ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళింది. “మా అక్క వెళ్ళింది. నేను చూశాను. చిన్నపిల్లని, మా ఇంటి గుమ్మంలోనే ఉన్నాను. గురువారం వానలో వెళ్ళి, మగవాళ్ళ గొడుగు వేసుకుని తిరిగొచ్చింది. ఆ గొడుగు ఇప్పటికీ మా తలుపు వెనక ఉంది” అని చెప్పింది.

ఆయన నవ్వాడట. “అమ్మా, జ్ఞాపకం ముసలిదవుతుంది. కాగితం కాదు. గొడుగు ఎవరిదైనా కావచ్చు. మీ అక్కగారు మీకు ఏదో చెప్పుకుని ఉంటారు, పాపం.”

ఆ ‘పాపం’ దగ్గర జిగురత్తకి మొదలైన కోపం తొమ్మిదేళ్ళు చల్లారలేదు. నాకు ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఆ మాట దగ్గర సూది గట్టిగా గుచ్చేది.

తొమ్మిదో ఏడు, ఆ ఉత్తరాల్ని మందిరంలో వేదిక మీద చదివి వినిపిస్తారని గోడల మీద కాగితాలు వెలిశాయి. ఉత్తరాలు చదివేది ఒక పేరున్న నటుడు. మధ్యమధ్యలో ‘ఆమె’గా మాట్లాడేది ఒక నటి. అక్క రాసిన జవాబులు దొరకలేదు కాబట్టి ఆమె మాటలు ప్రొఫెసరుగారే రాసిపెట్టారు. ఆ నటి ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది.

“నమస్కారమండీ. మీ అక్కగారి పాత్ర వేస్తున్నాను. ఆవిడ నడక ఎలా ఉండేదో తెలుసుకుందామని. ధైర్యం లేనివాళ్ళ నడక ఒకటి ఉంటుంది కదండీ...”

“నీ చెప్పులు విప్పు.”

“ఎందుకండీ?”

“మా అక్క నడక కావాలన్నావుగా? చిల్లు చెప్పులేసుకుని వానలో రెండు మైళ్ళు నడు. అదే నడక.”

“మీకు నా మీద కోపమెందుకండీ? రాసింది నేను కాదు కదా.”

“పలికేది నువ్వేగా. విషం వండినవాడొకడు, వడ్డించేదొకర్తె.”

నటి మొహం ఎర్రబడింది. “ముప్ఫై ఏళ్ళు కుట్టుకుంటూ నోరు మెదపని మనిషిని ఎవరైనా ఏమనుకుంటారండీ?” అనేసి, విసురుగా వెళ్ళిపోయింది. మరదలు బల్ల అవతలినుంచి, “పిల్ల నోరు గట్టిదే వదినా. నీకు సరిజోడు” అంది.

ప్రదర్శనకి మూడువారాల ముందు గ్రంథాలయంవాళ్ళు సంపుటాన్నే పంపారు. వెన్ను వదులైంది, చివరి ఉత్తరాన్ని వేదిక మీద అసలు పుస్తకంలోంచే చదువుతారు, కాబట్టి బాగుచేసి ఇమ్మని చీటీ. జిగురత్త మొదట పుస్తకాన్ని వీధిలోకి విసిరేస్తానంది. తర్వాత విసరలేక కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

పాత జిగురు ఎండి పొడిపొడిగా రాలింది. కన్నాల మీద తను వేసిన సన్న కాగితాలూ ఒక్కొక్కటిగా ఊడి బల్ల మీద పడ్డాయి. మళ్ళీ అంటిద్దామని కాగితాల్ని కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, ఒకదానికి సూదిమొనంత కన్నం, దాని పక్కదానికి పెసరగింజంత. తర్వాతది ఆవగింజంత. కన్నాలు ఎగుడుదిగుడుగా గెంతుతున్నాయి.

“పురుగు గెంతదు” అంది పైకే.

“ఏ పురుగు?” అంది మరదలు.

జిగురత్త లేచి అక్క సొరుగు లాగింది. అడుగు చెక్కకి ఓ మూల సూదిమొనంత కన్నం ఉంది. బైండరు కూతురు కాబట్టి అక్క ఉత్తరాల్ని మడవలేదు. వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్టు, ముందుదాని పైన పరుస్తూ వచ్చింది. పురుగు చెక్కలోంచి పుట్టి, అట్టడుగు కాగితం దగ్గర మొదలుపెట్టి, తింటూ, లావెక్కుతూ, పైదాకా నిటారుగా ఎక్కిపోయింది. అన్నిటికంటే సన్న కన్నం ఉన్నదే మొదట వచ్చిన ఉత్తరం. అన్నిటికంటే పెద్దది ఉన్నదే ఆఖరుది.

సన్న కన్నం ఉన్న కాగితాన్ని వెతికి తీసింది. ఏదో పుస్తకం అంచు చింపి రాసిన చిన్న చీటీ. గురువారం. మూడింటికి.

పెద్ద కన్నం ఉన్నది కళాశాల పేరు అచ్చేసిన వెడల్పాటి కాగితం. పేదవాడిగా ఉన్నప్పుడు చిత్తుముక్కల మీద రాశాడు. ఉద్యోగం వచ్చాక పెద్ద కాగితాల మీద రాశాడు. కొలత చూసి కుట్టిన చెయ్యి, ఆయన చల్లారిన ఉత్తరాల్ని ముందుకీ, మండినవాటిని వెనక్కీ పెట్టేసింది.

మరదలు ఆ రోజు సంగతి నాకు విడిగా చెప్పింది. జిగురత్త ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుందట. తర్వాత, “అక్కని రాని మనిషిని చేసింది ఆ ప్రొఫెసరు కాదే. నేను” అందట.

“ఊరుకో వదినా. ఎవరికి తెలుసు? వాళ్ళు ఇచ్చింది ఇచ్చినట్టు కుట్టి పంపేయి. నలభై ఏళ్ళ పేరు నీది. తప్పు కుట్టానని ఊరంతా టముకు వేసుకుంటావా?”

“పంపేస్తే పలక అలాగే ఉంటుంది.”

“ఉంటే ఉండనీ. పోయినావిడ చదువుతుందా ఏంటి?”

“అక్కని అలా అన్నావంటే సూది నాలిక్కి గుచ్చుతా.”

“గుచ్చు. అప్పుడైనా ఒక కుట్టు సరిగ్గా పడుతుంది.”

ఆ మాటకి జిగురత్త మరదలి మొహం చూసి, చాలా రోజుల తర్వాత నవ్విందట. నేను నమ్మలేదు, కానీ మరదలు ఒట్టేసింది.

ఆ మూడువారాల్లో తను జన్మలో చేయని పని చేసింది. అంచులు కలపలేదు, కన్నాలు కలిపింది. ప్రతి ఉత్తరానికీ గట్టి కాగితపు పట్టీ అంటించి, పొడుచుకొచ్చింది పొడుచుకొచ్చినట్టే వదిలేసి, కన్నం మీద కన్నం వచ్చేలా పట్టీల దగ్గర కుట్టింది. తయారైన పుస్తకం అంచులు పళ్ళు ఊడిన దువ్వెనలా ఉన్నాయి. “మా నాన్న చూస్తే నన్ను గడప దాటనివ్వడు” అంది నాతో. లోపల ఒక్క ఉత్తరమూ చదవలేదు, ఆ మొదటిది తప్ప. చదవనని పట్టుబట్టింది.

ప్రదర్శన రోజు ఉదయం పుస్తకాన్ని బట్టలో చుట్టి, తాడు కట్టి, తనే తీసుకెళ్ళి ప్రొఫెసరు చేతిలో పెట్టింది. ఆయన ముడి విప్పబోతే చేతి మీద కొట్టినంత పని చేసింది.

“జిగురు పచ్చిగా ఉంది. సాయంత్రం వేదిక మీద తప్ప తెరవకండి. తెరిచారో, వెన్ను విరిగితే నా పూచీ లేదు.”

“మీ పని మీద నాకు నమ్మకముందమ్మా” అన్నాడాయన.

“అదే కదా వచ్చిన ముప్పు” అంది. ఆయనకి అర్థం కాలేదు.

సాయంత్రం ఐదింటికి మందిరం నిండిపోయింది. రాతి స్తంభాలు, నల్లబడిన బల్లలు, వేదిక మీద రెండు కుర్చీలు, నిలువు దీపం ఒకటి. జిగురత్త ముందు వరసలో, మోకాళ్ళ మధ్య ఆ పాత గొడుగు నిలబెట్టుకుని కూర్చుంది. పక్కన మరదలు, ఆ పక్కన నేను. బయట చినుకు కూడా లేదు. వెనకనించి ఎవరో ముసిముసిగా నవ్వారు.

నటుడు బాగా చదివాడు, కాదనను. మొదట చదివిన పొడి ఉత్తరంలో గొడుగు మాట వచ్చినప్పుడు, ‘గొడుగు అంటే ఇక్కడ సందేహమే’ అని ప్రొఫెసరు రాసిన వ్యాఖ్యానం నటి చదివింది. “సందేహానికి కర్ర పిడి కూడా ఉంటుందా వదినా?” అంది మరదలు చెవిలో. నటి ‘ఆమె’గా, “నాకు ధైర్యం చాలలేదు. నా సూదీ దారమే నాకు గోడలయ్యాయి” అన్నప్పుడు, గొడుగు పిడి మీద జిగురత్త వేళ్ళు తెల్లబడటం చూశాను.

చివరికి నటుడు లేచి, బట్ట విప్పి, నల్ల సంపుటాన్ని చేతుల్లోకి తీసుకుని, ఆఖరి పేజీ తెరిచాడు. నోరు తెరిచి, ఆగిపోయాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. జనం అదీ నటనే అనుకున్నారు. నా వెనక ఒకావిడ వెక్కడం కూడా మొదలుపెట్టింది.

ప్రొఫెసరు సగం లేచాడు. “చివరిదండీ, చివరిది!”

“చివర ఉన్నది ఇదేనండి” అన్నాడు నటుడు. ఒక్క క్షణం చూసి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివేశాడు. ‘మీ ఉత్తరాలు అందాయి. పని ఒత్తిడిలో ఉన్నాను. ఇకమీదట రాయనవసరం లేదు. మొదటిరోజు మీకిచ్చిన నా గొడుగు మీ దగ్గరే ఉండిపోయినట్టుంది. కళాశాల ద్వారం దగ్గర ఇచ్చి వెళ్ళగలరు.’

అచ్చుపుస్తకంలో ఇది ఆయన మొట్టమొదటి ఉత్తరం. ‘మొదటిరోజు’ అంటే సృష్టి మొదటిరోజని ప్రొఫెసరు రెండు పేజీలు రాశారు.

జిగురత్త లేచి నిలబడింది. రాతినేల మీద గొడుగు ఠంగుమని కొట్టింది.

“కూర్చోవమ్మా!”

“ఎవరీవిడ?”

“చదవనివ్వండి!”

“కూర్చోను. ఇదిగో ఆ గొడుగు. ఆ ఉత్తరాల్ని వరస తప్పి కుట్టింది నేను. ఒక్కటి చదవకుండా, కొలత చూసి కుట్టాను. మీ ప్రొఫెసరు నా కుట్టుని నమ్మాడు. ఆయనదొక తప్పు, నాది అంతకు పెద్ద తప్పు. ఇప్పుడు సరిగ్గా కుట్టాను. మా అక్క వచ్చింది. గురువారం వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళు వస్తూనే ఉంది. చివరికి రానివాడు ఈ ఉత్తరాలు రాసినవాడు!”

“ఇది ప్రజల సొత్తు!” ప్రొఫెసరు గొంతు పైకప్పుకి తగిలింది. “నూటికి నూరుపాళ్ళు పాడుచేశారు. సాక్ష్యం లేదు, ఏమీ లేదు. మీ ఇంటి పరువు కోసం చరిత్రని కత్తిరిస్తారా? ఎవరైనా ఈవిణ్ణి బయటికి పంపండి!”

కాపలాదారు రెండడుగులు వేసి, గొడుగు చూసి ఆగాడు.

“సాక్ష్యం కావాలా? అమ్మాయ్” అని నటి వైపు తిరిగింది జిగురత్త. “మాటలు పలకడమేనా, కళ్ళు కూడా ఉన్నాయా? ఆ ఉత్తరాలన్నీ కలిపి పట్టుకుని దీపానికి అడ్డంగా పెట్టు. పురుగు తిన్న చోట చూడు.”

నటి ఆమెను కొరకొరా చూసింది. అయినా నటుడి చేతిలోంచి పుస్తకం లాక్కుని, ఉత్తరాలన్నీ కట్టగా ఎత్తి దీపం ముందు పట్టుకుంది. ముప్ఫై ఒక్క కాగితాల్నీ దాటి ఒక వెలుగు చుక్క వచ్చి ఆమె అరచేతిలో పడింది. చెయ్యి జరిపితే చుక్క జరిగింది. ఆమె ఒక్కో కాగితం తిప్పుతూ కన్నం పెరగడం చూసింది. ఆవగింజంత, పెసరగింజంత, మిరియంత... మందిరంలో గోల తగ్గలేదు. ప్రొఫెసరు ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

“ఎటునించి ఎటు?” అంది నటి.

“పురుగు చెక్కలోంచి పుట్టింది. తిన్నకొద్దీ లావెక్కింది. దానికి తత్వం తెలీదు, వరస తెలుసు.”

నటి పుస్తకం మూసి, చేతిలోని తన మాటల కాగితం వైపు చూసింది. చివర్లో ఆమె పలకాల్సిన మాట ఒకటి మిగిలి ఉంది. గోడల మీద అంటించిన కాగితాల్లో కూడా అచ్చేసిన మాట అది. ‘నేను రాలేదు.’

“ఈ మాట నేను అననండి” అంది ప్రొఫెసరుతో. కాగితం కుర్చీలో పెట్టి దిగిపోయింది.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. సగంమంది విసుక్కుంటూ లేచిపోయారు. నా వెనక వెక్కిన ఆవిడ జిగురత్త దగ్గర ఆగి, “ఎంత బాగా ఏడుపొస్తోందో, అంతా పాడుచేశారు” అంది.

“ఇంటికెళ్ళి ఏడవండి. కారణాలు అక్కడా ఉంటాయి” అంది జిగురత్త.

గుమ్మం దాటుతూ ఆ గొడుగుని రాగి పలక పైమేకుకి తగిలించింది. అది వేలాడి కింది వాక్యాన్ని కప్పేసింది. “తీశావంటే చెయ్యి విరుగుతుంది” అని కాపలాదారుకి చెప్పి మెట్లు దిగింది. వారం తర్వాత వెళ్తే పలక లేదు, మేకు మీద గొడుగు మాత్రం ఉంది. వచ్చినవాళ్ళకి కాపలాదారు కథ చెప్పడం విన్నాను. నిట్టూర్పు పాతదే. “ఆమె వచ్చిందండీ. అదే అసలు బాధ” అంటున్నాడు.

ఇక ఆమెకు పని ఇచ్చేది లేదని గ్రంథాలయం ఉత్తరం రాసింది. వీధిలో కొందరు ఆమె ఎదురైతే, “అత్తా, ఈ పుస్తకం పేజీలు వరసగానే ఉన్నాయా?” అని ఎత్తిపొడిచేవారు. ఆమె తిట్టేది. కానీ ఇదివరకటిలా తప్పు వెతకమని సవాలు మాత్రం విసరలేదు.

ఏడాదిన్నరకి ప్రొఫెసరు కొత్త ముద్రణ తెచ్చాడు, ఉత్తరాలు పురుగు వరసలో. కన్నాల్ని తానే ‘నిశిత పరిశీలనలో గుర్తించినట్టు’ రాసుకున్నాడు. ‘స్థానిక బైండరు ఒకరు’ సహకరించారట. నేను కోపంతో ఒక ప్రతి కొని తీసుకెళ్ళాను. మరదలు ఆ వాక్యం పైకి చదివి, “ఒకరు అంట వదినా! పురుగుకైనా పేరు పెట్టాడు, నీకు పెట్టలేదు” అంది.

జిగురత్త చెయ్యి తుడుచుకుని పుస్తకం అందుకుంది. మొదటి ఉత్తరం కింద ప్రొఫెసరు రాసిన ఒక్క ముక్క వెతికి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుంది. ‘ఆమె వచ్చింది.’ మిగతాది చదవలేదు. పుస్తకాన్ని తిరగేసి, వెన్ను దగ్గర బొటనవేలితో నొక్కి, వాసన చూసింది.

“నీళ్ళ జిగురు” అంది. “రెండేళ్ళు ఆగదు. ఊడినప్పుడు తెస్తాడుగా, అప్పుడు చెప్తాను వాడి సంగతి.”